పదిహేడో పడవలో భీమశంకరం

భీమశంకరానికి ఈత రాదు. ఉయ్యూరులో కాలవ పక్కనే పెరిగినా రాలేదు. జన్మలో ఒక్కసారి పడవెక్కాడు, నయాగరా చూడ్డానికి వెళ్ళినప్పుడు, అదీ కళ్ళు గట్టిగా మూసుకుని. అలాంటివాడు 1969లో జరిగిన పడవ పందెం ఫైనల్లో మూడో పడవ నడిపాడంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మేవాళ్ళున్నారు. షామ్‌బర్గ్ దగ్గర ఒక ఫైర్ స్టేషన్ పక్కనున్న హాల్లో, ప్రతి శనివారం డోనట్లు తింటూ మరీ నమ్ముతున్నారు. ఆ పందెం నాటికి మనవాడు అసలు పుట్టనే లేదన్న సంగతి వాళ్ళకి పెద్ద ఇబ్బందిగా తోచలేదు.

అంతా ఊ కొట్టడం వల్ల వచ్చింది.

ఆ హాల్లో రెండు గదులు. ఎడమ గదిలో భీమశంకరం భార్య ఉమామహేశ్వరి శనివారాలు పిల్లలకి తెలుగు నేర్పుతుంది. ఆవిడకి హైవే మీద కారు నడపాలంటే గుండె దడ. అందుకని ఆవిడని దింపి, క్లాసయ్యేదాకా పడిగాపులు పడటం ఇతని డ్యూటీ. కుడి గదిలోంచి ఎప్పుడూ కాఫీ వాసన వస్తుంటుంది. జనవరి చలికి కారులో కూర్చోలేక, ఒకరోజు ఆ వాసన పట్టుకుని లోపలికి నడిచాడు.

లోపలున్నవాళ్ళంతా ఒకప్పటి అవుట్‌బోర్డ్ రేసు డ్రైవర్లు. చెక్క పెట్టెలాంటి చిన్న పడవకి వెనక మోటారు బిగించి, అందులో మోకాళ్ళ మీద కూర్చుని, సరస్సుల మీద ప్రాణాలకి తెగించి దూసుకుపోయిన మహానుభావులు. ఇప్పుడు మోకాళ్ళు పనిచేయవు, మోటార్లు అంతకన్నా పనిచేయవు. మిగిలినవి కథలు. పరుగెత్తే పడవ వెనక ఎత్తుగా లేచే నీటి జల్లుని వాళ్ళు కోడిపుంజు తోక అంటారు. గస్ అనే రిటైరైన ఫైర్‌మన్ చెప్పే కథల్లో ఆ తోక వారానికో అంతస్తు చొప్పున పెరిగేది.

పాపం, ఆ కథలు వినేవాడే లేడు. ఒకడు చెబుతుంటే తక్కినవాళ్ళు బిగుసుకుని కూర్చుని, తమ వంతు ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళు. భీమశంకరాన్ని పెంచింది అమ్మమ్మ. ఆవిడ కథ చెబితే వాక్యానికోసారి ఊఁ అనాలి. అనకపోతే కథ అక్కడే ఆగిపోతుంది, రాజకుమారుడు ఆ రాత్రంతా గుర్రం మీదే ఉండిపోతాడు. ఆ అలవాటు మనవాడి ఒంట్లో జీర్ణించుకుపోయింది. కాఫీ కప్పు పుచ్చుకుని, గస్ పడవ బయల్దేరగానే "ఊఁ" అన్నాడు. పడవ తలకిందులైతే "ఊఁ" అన్నాడు. గస్ నీళ్ళలోంచి పైకి తేలితే "ఊఁ" అన్నాడు, కాస్త సాగదీసి. ముప్ఫై ఏళ్ళుగా సగంలో ఆగిపోతున్న తన కథ ఒడ్డు చేరినందుకు గస్ కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాతి వారం క్లబ్బు ప్రెసిడెంటు హార్లన్ అరవై తొమ్మిది ఫైనల్ కథ ఎత్తుకున్నాడు. "ముందు క్లైడ్, వాడి వెనక నేను, నా వెనక పదిహేడో నంబరు పడవ. అవునూ, పదిహేడు నడిపింది ఎవరు?"

ఎవరికీ గుర్తు రాలేదు. మీసాలుండేవని ఒకాయన అన్నాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదని ఇంకొకాయన అన్నాడు.

"ఊఁ" అన్నాడు మీసాల భీమశంకరం.

అందరి తలలూ అతనివైపు తిరిగాయి.

"నువ్వా!" అన్నాడు హార్లన్. "ముందే చెప్పొచ్చు కదయ్యా!"

"అయ్యో, నేను పుట్టిందే డెబ్భై తొమ్మిదిలో అండీ."

"రేసు మనుషులకి వయసు కనబడదు" అని గస్ అతని భుజం చరిచాడు. "ఆ గాలికి చర్మం బిగుసుకుపోతుంది." ఆ మాటంటున్న గస్ చర్మం మాత్రం కంఠం కింద వేలాడుతూనే ఉంది.

అప్పటికే రెండు డోనట్లు తిన్నవాడు, మొహం మీద కాదని ఎలా అంటాడు? మొహమాటం. పై వారం నెమ్మదిగా చెబుదాం అనుకున్నాడు. పై వారం వాళ్ళు పదిహేడు నంబరు కుట్టిన జాకెట్టు తెచ్చి తొడిగారు. చెప్పొద్దూ, అతనికి అద్దంలో బాగానే కనబడింది.

ఇంటికొస్తుంటే ఉమామహేశ్వరి ఆ జాకెట్టు చూసి నవ్వలేదు.

"అరవై తొమ్మిదిలో మీరు ఇక్కడ ఉన్నారని వాళ్ళు ఎక్కడైనా పోస్ట్ చేస్తే? మన గ్రీన్ కార్డ్ ఇంకా పెండింగ్. అప్పుడు ఏ స్టేటస్ మీద ఉన్నారని అడిగితే ఏం చెప్తారు?"

"ఎచ్-వన్-బీ అంటాను."

"అప్పటికి అది పుట్టలేదండీ, మీలాగే." మళ్ళీ తనే అంది, "ఇంట్లో నేనేదైనా చెప్తుంటే ఫోన్‌లోంచి తలెత్తరు. అక్కడికెళ్ళి ఊరందరికీ ఊ కొడతారు."

దానికి మాత్రం భీమశంకరం ఊ కొట్టలేదు.

ఇదంతా ఇలాగే సరదాగా సాగిపోతే గొడవే లేదు. ఆ గదిలో ఒక మూల లొరేన్ అనే పెద్దావిడ కూర్చునేది. చనిపోయిన క్లైడ్ భార్య. ఎనభై దాటాయి. వారం వారం అరటిపండు కేకు చేసుకొచ్చి, కోసి పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోయేది. అరవై తొమ్మిది ఫైనల్లో ముందున్నది క్లైడే. ఆఖరి మలుపులో నారింజ రంగు పీపా ఒకటి నీళ్ళ మీద తేలుతుంటుంది, దాని బయటనుంచే పడవ తిప్పాలి. క్లైడ్ లోపలనుంచి అడ్డంగా కోసేశాడని వెనకనే వచ్చిన హార్లన్ చెప్పాడు. జడ్జీలు అవతలి ఒడ్డున ఉన్నారు, ఎండ కళ్ళలో పడుతోంది, వాళ్ళకేం తెలుసు? హార్లన్ మాట నమ్మారు. కప్పు హార్లన్‌కి వెళ్ళింది, క్లైడ్‌కి దొంగ పేరు మిగిలింది. బయటనుంచే తిప్పానని పోయేదాకా చెబుతూనే ఉన్నాడట, భార్య తప్ప ఎవరూ వినలేదు.

చలికాలం గడిచి ఎండలొచ్చాయి. ఇప్పుడు మనుషులు తగ్గిపోయి క్లబ్బు మూసేస్తున్నారు. కప్పుని ఊరి లైబ్రరీలో అద్దాల బీరువాలో పెడతారట, గెలిచినవాడి పేరు కింద చెక్కించి. ఆ మాట వినగానే లొరేన్ లేచి నిలబడింది. కేకు కోసే చాకు ఇంకా చేతిలోనే ఉంది.

"వెనక పదిహేడు ఉంది కదా. అతను చూసుంటాడు" అంది. తిన్నగా భీమశంకరం దగ్గరికి వచ్చింది. "బీమ్, నా క్లైడ్ పీపా బయటనుంచి తిప్పాడా లేదా? నేను పోయేలోపు ఒక్కళ్ళు, నేను చూశాను అంటే చాలు."

భీమశంకరం అన్ని దారులూ వెతుక్కున్నాడు. తిప్పాడంటే అబద్ధం. తిప్పలేదంటే అబద్ధమూ, పాపమూనూ. నేను ఆ పడవలోనే లేను అంటే ఆవిడకున్న ఒకే ఒక్క సాక్షి గాలిలో కలిసిపోతాడు. పైగా మనవాడు చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తన కళ్ళతో చూడనిది సరిగ్గా ఉందని చచ్చినా సంతకం పెట్టడని ఆఫీసులో తిట్టుకుంటారు. చివరికి ఆఫీసులో చెప్పేదే చెప్పాడు.

"మేడమ్, రిప్రొడ్యూస్ చేయకుండా నేను ఏదీ కన్‌ఫర్మ్ చేయను. అవే పడవలు, అదే వరస, అదే ఎండ, అవే నీళ్ళు ఉండాలి. అప్పుడు చెప్తాను."

ముసలాళ్ళ వల్ల కాదులే అని ధీమా. ముసలాళ్ళని తక్కువ అంచనా వేశాడు.

తర్వాతి శనివారానికి పార్కింగ్ లాట్‌లో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. లొరేన్ గరాజ్‌లోంచి క్లైడ్ పడవ వచ్చింది. హార్లన్ పడవ వచ్చింది. పదిహేడో నంబరు పడవ ఏమైందో ఎవరికీ తెలీదు కనుక, తెలుగు క్లాసులోని మడత బల్లని తిరగేసి, మార్కర్‌తో పదిహేడు వేశారు. పీపా బదులు ట్రాఫిక్ కోన్. మోటార్లు ఏనాడో చచ్చాయి కాబట్టి ఆ చప్పుడు నోటితో చేయాలని తీర్మానించారు. ఎవరి మోటారు ఎలా పలికేదో వాళ్ళలో వాళ్ళు కాసేపు పోట్లాడుకున్నారు. తోక లేకుండా రేసేమిటని గస్ పాత పరిచయం మీద ఫైర్ స్టేషన్ నుంచి రెండు గొట్టాలు లాక్కొచ్చాడు. ఒకటి క్లైడ్ పడవ వెనక, ఒకటి హార్లన్ పడవ వెనక, వెనకవాడి మొహం మీదికి చిమ్మేలా.

"అండీ, లైఫ్ జాకెట్ వేసుకోండి" అంది ఉమామహేశ్వరి, పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెడుతూ.

"బల్ల మునగదే."

"మీ సంగతి నాకు తెలుసు. వేసుకోండి."

వేసుకున్నాడు. ముందు పడవలో మొగుడి స్టీరింగ్ పట్టుకుని లొరేన్ కూర్చుంది. మధ్య పడవలో హార్లన్ని నలుగురు పట్టుకుని మోకాళ్ళ మీద దించారు. వెనక, తిరగేసిన బల్లలో, నాలుగు కాళ్ళ మధ్య భీమశంకరం మోకరిల్లాడు. ఎండ సరిగ్గా కళ్ళలోకి కొడుతోంది. గస్ చెయ్యి ఊపాడు. ముసలాళ్ళంతా ఒక్కసారి "బ్ర్రాఁఁ" అని ఎత్తుకున్నారు. మెట్ల మీద పిల్లలకి ఇంతకన్నా మంచి తెలుగు క్లాసు అంతకుముందు జరగలేదు. వాళ్ళూ అందుకున్నారు.

అప్పుడు నీళ్ళు వదిలారు.

భీమశంకరం కళ్ళజోడు మొదటి దెబ్బకే ఎటో పోయింది. ముక్కులో నీళ్ళు, చెవుల్లో నీళ్ళు, నోట్లో నీళ్ళు. ఉక్కిరిబిక్కిరైపోయి, లైఫ్ జాకెట్ పట్టుకుని, పార్కింగ్ లాట్‌లో మునిగిపోతున్నానని నిజంగానే అనుకున్నాడు. ఆ హోరులోంచి లొరేన్ గొంతు వినబడింది.

"బీమ్! తిప్పాడా లేదా?"

కళ్ళు చించుకుని చూశాడు. కోన్ లేదు, ముందు పడవ లేదు, హార్లన్ కూడా లేడు. ఇంక దాచడానికేం మిగల్లేదు. ఆవిడ మనసు విరిగిపోతుందని తెలిసీ, ఏడుపు గొంతుతో అరిచాడు.

"నాకేం కనబడలేదు మేడమ్! నీళ్ళు! అంతా నీళ్ళే!"

గస్ గొంతెత్తి ఆపమన్నాడు. గొట్టాలు ఆగాయి, నోటి మోటార్లు ఒక్కొక్కటే ఆగాయి.

"పదిహేడు వీడే" అని ప్రకటించాడు గస్. అతనికి చెవుడు, అందుకని అంత గట్టిగా. "ఇంక అనుమానమే లేదు. వెనకున్నవాడికి నీళ్ళు తప్ప ఏం కనబడతాయి? చూశానన్నవాడు అబద్ధాలకోరు."

తను ఏమన్నాడో గస్‌కే ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది. తక్కినవాళ్ళు అప్పటికే మధ్య పడవ వైపు చూస్తున్నారు. హార్లన్ తడిసి ముద్దై, మోకాళ్ళ మీదే ఉన్నాడు. జుట్టులోంచి, గడ్డం మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి.

లొరేన్ అతన్ని ఏమీ అడగలేదు. వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా, ఆ గదిలో ఒక్కసారి కూడా చెప్పని కథ మొదలుపెట్టింది.

"ఆఖరి మలుపు దగ్గరికొచ్చేసరికి మోటారు బాగా పాడుతోందట. క్లైడ్ చెప్పేవాడు."

"ఊఁ" అన్నాడు భీమశంకరం వణుకుతూ.

"ఎదురెండ. మోకాళ్ళు తిమ్మిరెక్కాయట."

"ఊఁ" అన్నారు ముసలాళ్ళు. చలికాలమంతా విని విని వాళ్ళకీ వచ్చేసింది. మెట్ల మీద పిల్లలు కూడా అన్నారు.

"పీపా బయటనుంచి తిప్పాడు."

అక్కడ ఆగింది. భీమశంకరం నోరు తెరిచి మళ్ళీ మూసేశాడు. తను చూడలేదు, ఎలా అంటాడు? ముసలాళ్ళూ నేల చూపులు చూశారు. వాళ్ళూ చూడలేదు. ఊఁ లేకపోతే కథ కదలదని ఇప్పుడు అక్కడ అందరికీ తెలుసు. లొరేన్ రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంది. భీమశంకరానికి ఏడుపొచ్చింది, తడి మొహం కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మధ్య పడవలోంచి, తల ఎత్తకుండానే, "ఊఁ" అన్నాడు హార్లన్.

లొరేన్ గట్టిగా ఊపిరి పీల్చుకుని, తర్వాత ఏం జరిగిందో చెప్పసాగింది.