వెయ్యిన్ని ఇరవై ఒకటో కుర్చీ

ముకుందన్ తాడు ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొస పట్టుకుని హాలు అవతలి గోడ దాకా నడిచాడు. కుర్చీల ముందు కాళ్ళు ఆ తాడుకు ఆనాలి. వెనకనే కుప్పమ్మాళ్ తడిగుడ్డతో ఒక్కో కుర్చీ తుడుచుకుంటూ వస్తోంది. నెల్లితోపు షామియానా షాపులో ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని ఇదే.

విరిగినవి పోగా షాపులో వెయ్యిన్ని ఇరవై ఒక్క కుర్చీలున్నాయి. ఎట్లా వేసినా వరసలు సమంగా రావు. ఓనరు కూతురు నివేదిత ఒకసారి లెక్క చెప్పింది.

"అది ప్రైమ్ నంబరన్నా. దేంతోనూ తెగదు. రెండు తీసేసినా ప్రైమే. ఒకటి తీసేస్తే మాత్రం ఎట్ల కావాలంటే అట్ల తెగుద్ది."

ఆ ఒకటి ఎవరూ తీయలేదు. చెయ్యి పగిలిన నీలం కుర్చీ లారీలోకి చివరన ఎక్కేది. హాల్లో వరసలు పోగా మిగిలేది. సభ అయ్యేదాకా కుప్పమ్మాళ్ అందులో కూర్చునేది. ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. కింద కూర్చుంటే ఎవరైనా చెయ్యిచ్చి లేపాలి.

పోయిన వారం ఓనరు హరిహరన్ ఫోనులో ఒక ఫోటో చూపించాడు. నిండిన సభ, వెనక ఒంటి కుర్చీలో కుప్పమ్మాళ్.

"ఏందిరా ఇది, దిష్టిబొమ్మ మాదిరి?"

ముకుందన్ నవ్వేశాడు. ఈ పొద్దున నీలం కుర్చీని గోడౌన్‌లోనే వదిలేశాడు.

వరసకు ముప్ఫై, ముప్ఫై నాలుగు వరసలు. స్టేజీ ఎక్కి చూశాడు. ఒక్కటీ మిగల్లేదు. కిందికి దిగబుద్ధి కాలేదు.

"నా కుర్చీ యాడ ముకుందా?"

"ఇన్ని ఉండాయి గదక్కా. దేంట్లోనన్నా కూర్చో."

"వరసలోది వచ్చినోళ్ళది. మిగిలిందే నాది." ఆమె గుడ్డ పిండింది. "పోనీలే. మైకు కాడ వాళ్ళూ నిలబడే గదా మాట్లాడేది."

సభ సాగినంతసేపూ ఆమె స్తంభానికి ఆనుకుని నిలబడింది. చివరి వరసలో నాలుగైదు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఒకటి తీసి ఆమె దగ్గర వేస్తే సరిపోయేది. వరసలో సందు పడుతుందని ముకుందన్ వెయ్యలేదు.

మధ్యాహ్నానికి జనం వెళ్ళిపోయారు. కుర్చీలు పదేసి దొంతర పెట్టి లారీకి ఎక్కించారు. ఖాళీ హాల్లో కుప్పమ్మాళ్ స్తంభం మొదట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"లే అక్కా, పోదాం." ముకుందన్ చెయ్యి అందించాడు.

ఆమె అందుకోలేదు. అతను చెయ్యి అట్లాగే కాసేపు చాచి ఉంచాడు. తర్వాత వంగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది.

ఆసుపత్రిలో ప్రాణం పోయిందన్నారు. ఆమెను అక్కణ్ణుంచి ఇంటికి చేర్చి, సాయంత్రం గోడౌన్ తలుపు తీశాడు. నీలం కుర్చీ పెట్టినచోటే ఉంది. పొద్దున లారీ ఎక్కేముందు కుప్పమ్మాళ్ ఎప్పటిలాగే ముందు దాన్ని తుడిచి, తన రెండు గుడ్డల్లో ఒకటి దాని వీపు మీద ఆరేసింది. గుడ్డ ఎండి, కుర్చీ వంపులోనే బిగుసుకుని ఉంది.