ఈకల చెట్టు

ఒబదయా చూపు మసకబారిన సంగతి పింగాణీ కార్ఖానాలో అతని భార్య కెజియా ఒక్కదానికే తెలుసు. యజమాని కాలెట్ చెవిన పడితే కుంచె లాక్కుని మట్టి పిసికే కొట్టానికి పంపేస్తాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ పెళ్ళయిన నాటి నుంచీ ఒకే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని బొమ్మలు వేసినవాళ్ళు. అందుకని నమూనా పళ్ళెంలో ఏముందో కెజియా మెల్లగా చెప్పేది, అతను వేసేవాడు.

ఆ వారం రేవులో ఓడ కెప్టెన్ ఇంట్లో చైనా పళ్ళేల్లో ఒకటి పగిలింది. అచ్చం అలాంటిదే ఇంకోటి కావాలని, మిగిలినవాటిలో ఒకటి నమూనాగా పంపారు. వంతెనలూ పడవలూ ఒబదయా చేతికి అలవాటే. కానీ ఇందులో ఇంటి పక్కన ఏదో మొక్క ఉంది. అది అరటి చెట్టని ఆ చలి ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"ఇదేంటే?" అన్నాడు.

"పెద్ద పెద్ద బాతు ఈకలు నేలలో గుచ్చినట్టున్నాయి," అంది కెజియా.

అతను అలాగే వేశాడు. ఒకసారి కాల్చిన పళ్ళెం రంగును ఇట్టే పీల్చేస్తుంది, చెరపడం కుదరదు. బట్టీలోంచి బయటికొచ్చాక చూస్తే, చైనావాడి ఇంటి పక్కన కలాల్లా మొన చెక్కిన ఈకలు, ఉత్తరం రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాయి. బల్ల చుట్టూ ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. బాతునేం చేశావు తాతా, తినేశావా అని ఒకతె అడిగింది. కాలెట్ మాత్రం నవ్వలేదు. నీకు కళ్ళు కనబడటం లేదు కదూ అని, సోమవారం నుంచి మట్టి కొట్టానికి పొమ్మన్నాడు.

కెజియా లేచి నిలబడింది. "అయ్యా, ఆయన చెయ్యి తప్పలేదు. నేను ఈకలన్నాను, ఈకలే వచ్చాయి. తప్పు నా నోటిది. ఇంకొక్క పళ్ళెం ఇప్పించండి."

కాలెట్ దగ్గరే నిలబడి చూశాడు. ఈసారి అది దేనిలా ఉందో ఆమె చెప్పలేదు, కుంచె పోవాల్సిన దారి చెప్పింది. నిలువుగా పైకి పో, ఆగు, కుడికి వంచు, అంచు చీల్చు, ఇంకో చీలిక. ఒబదయా చెయ్యి ఆమె మాట వెంటే నడిచింది.

మళ్ళీ బట్టీ తెరిచిన రోజున కాలెట్ కొత్త పళ్ళేన్ని నమూనా పక్కన పెట్టి, వెలుతురులో చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ఇద్దరూ ఇక్కడే ఉండండి," అన్నాడు చివరికి. "నువ్వు మాత్రం పోలికలు చెప్పకమ్మా."

అతను వెళ్ళాక ఒబదయా అడిగాడు. "ఇంతకీ నేను వేసిందేమిటే?"

"నాకేం తెలుసు? ఆయనకీ తెలీదు."

"బాగుందా?"

"బాగుంది," అంది, అతని చొక్కా చేతికంటిన రంగు తుడుస్తూ.