ఇంట్లో సరిగ్గానే ఆగింది

“ఇంట్లోనే ఉంటావు గదే, ఆ నాలుగు చేపలూ బాగుచేసేస్తే నీ చేతులరిగిపోతాయేటి?”

అత్త తవిటమ్మ ఆ మాట అని మూడు వారాలైంది. గురువారం పొద్దున్న కలకత్తాలో ఆఫీసుకెళ్లడానికి హౌరాలో సాల్ట్ లేక్ బస్సెక్కి, కూర్చోడానికి చోటు లేక చువ్వ పట్టుకుని నిలబడ్డ జ్యోతిరాణి చెవిలో అదింకా జోరీగలా తిరుగుతూనే ఉంది. తవిటమ్మ చెడ్డదేం కాదు. కార్పొరేషన్‌లో ముప్పయ్యేళ్లు రోడ్లూడ్చిన మనిషి. “నాను వీధులూడ్సొచ్చి పదిమందికి వండేదాన్ని,” అంటుంది. ఆ మాటకి ఎదురు చెప్పే నోరు ఏ కోడలికుంటుంది?

వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేసుకోవచ్చని ఆఫీసులో అన్నప్పుడు ఇంట్లో పండగే చేశారు. పండగ ఎవరికో ఆమెకి తర్వాత తెలిసొచ్చింది. ముందు పనిమనిషిని మాన్పించారు. షాలిమార్ రైల్వే గూడ్స్ యార్డులో గుమస్తా అయిన భర్త ప్రదీప్‌కుమార్ మధ్యాహ్నం భోజనానికి ఇంటికే రావడం మొదలెట్టాడు, అదీ ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని. పైగా, “ఆ రెండు రోజులూ తీసేశారంటే చెప్పు, ఉద్యోగం మానేద్దువుగాని,” అని ఓ హెచ్చరిక.

ఆ చేపల రోజే ఆమె తప్పు చేసింది. వాళ్ల జట్టు చేసేది డీబగ్గర్. నడుస్తున్న ప్రోగ్రాంని ఫలానా ఫైల్లో ఫలానా లైను దగ్గర ఆపమంటే ఆపి, తప్పెక్కడుందో చూసుకోనివ్వాలి. తంటా ఏమిటంటే క్లయింటు ప్రోగ్రాం రాసేది విండోస్ మీద, నడిపేది లినక్స్ మీద. ఒకే ఫైలు ఎక్కడుందో చెప్పే దారిని విండోస్ డ్రైవు అక్షరంతో మొదలెట్టి గీతలు ఒక వైపుకి వాల్చి రాస్తుంది. లినక్స్‌కి డ్రైవూ లేదు గీవూ లేదు, గీతలు రెండో వైపుకి వాలతాయి. రెండూ ఒకటేనని డీబగ్గర్ పోల్చుకునేలా చెయ్యడం జ్యోతిరాణి పని. గీతలు సరిచేసింది. పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ మిగిలాయి. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, లినక్స్‌లో మాత్రం అక్షరం మారితే అది వేరే ఫైలే. ఆమెకి తెలియంది కాదు. కానీ పొలుసు చేతులు కడుక్కుని కూర్చుంటే కుక్కరు కూత, లేస్తే గ్యాసువాడు, మళ్లీ కూర్చుంటే “ఓ కప్పు టీ”. విసుగొచ్చి దారులన్నిటినీ చిన్నక్షరాల్లోకి మార్చి పోల్చేసింది. ఇంట్లో ఉన్నది విండోస్ లాప్‌టాప్. దానిమీద సరిగ్గానే ఆగింది. ఆఫీసులోని లినక్స్ మెషీను మీద మర్నాడు చూద్దామనుకుంది. మర్నాడు అత్తని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సొచ్చింది. ట్రైనీ సుజనకి ఫోన్ చేసి, “నేను పంపిన కోడ్ నువ్వు క్లయింటుకి ఎక్కించెయ్యమ్మా,” అంది. ఆ పిల్ల పాపం ఎక్కించేసింది.

క్లయింటు దగ్గర ఒక్క పెద్దక్షరం తేడాతో రెండు ఫైళ్లున్నాయట. ఒకదాంట్లో ఆగమంటే రెండోదాంట్లో ఆగింది. వాళ్లు నాలుగు రోజులు లేని తప్పుని వెతుక్కున్నారు. ఎక్కించినవాళ్ల పేరు చూస్తే సుజనది. నిన్న టీమ్ లీడ్ హరీష్ అందరి ముందూ, “రేపు పదకొండింటికి తేలుస్తా. ట్రైనీలను ఉంచుకోవాలని రూలేం లేదు,” అన్నాడు. సుజన ఆమె పక్కకొచ్చి, “మీరు పంపిందే ఎక్కించానక్కా. మధ్యలో నేనేమైనా చెడగొట్టేశానా?” అంది. తప్పు తనదేననుకుంటోంది ఆ పిచ్చిపిల్ల! జ్యోతిరాణి తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఇంటికెళ్లింది. అన్నం సయించలేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. దాంతోపాటు ఉద్యోగమూ పోతే?

పదకొండు కాకముందే హరీష్ గదిలోకి వెళ్లింది.

“తప్పు సుజనది కాదు. రాసింది నేను. లినక్స్ మీద చూడకుండానే ఎక్కించమన్నాను.”

హరీష్ లాప్‌టాప్ మూసి తలెత్తాడు. “మీరా? నిన్ననే చెప్పాల్సింది.”

“అవును. భయపడ్డాను.”

“సరే, క్లయింటుకి నేను చెప్పుకుంటా. సుజన జోలికి పోనులెండి.” అతని గొంతు మెత్తబడింది. “మీ ఇంటి ఇబ్బందులు నాకు తెలుసు. భయపడకండి, ఆ రెండు రోజులూ తియ్యను. లేడీస్‌కి ఆ మాత్రం చెయ్యకపోతే ఎట్లా?”

తలూపి బయటపడితే అయిపోయేది. ఆమె కదల్లేదు. ఇంకో మాటుందంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

మధ్యాహ్నం ప్రదీప్‌కుమార్ ఫోన్ చేశాడు. సోమవారం నుంచి రోజూ ఆఫీసుకే రావాలని చెప్పింది.

“ఓర్నాయనో! ఒక్క తప్పుకి అంత శిక్షేటి? మరి మా భోజనాలు? నువ్వుండు, మీ హరీష్ సారుతో నేను మాట్లాడతాను. కాళ్లయినా పట్టుకుంటాను.”

“అక్కర్లేదండి,” అంది జ్యోతిరాణి. “ఆయన ఉంచుతానన్నాడు. నేనే తీసెయ్యమన్నాను.”