విక్రాంత్ బిగించిన వాల్వులు

మా ఆయన విక్రాంత్‌కి వంటగదీ షవరూ ఉన్న పడవ ఒకటి ఉంది. మేముండేది జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో, పడవుండేది గంటన్నర దూరంలో, మిండెన్ కాలువలో. పోయిన ఏడాది చలికాలంలో దాని పైపుల్లో మిగిలిన నీళ్ళు గడ్డకట్టి పైపులు పగిలాయి. వాటిని మార్చేసరికి సెప్టెంబరు వచ్చింది. మా ఆదివారాలన్నీ దానికే తగలబడ్డాయి. నాకు నా ఆదివారాలు కావాలి. అంతకు మించి నేనేమీ అడగలేదు.

“ఈసారి ఒక్క పైపు పగిలినా పడవ అమ్మేస్త కావ్యా. నీ మీద ఒట్టు” అన్నాడు.

నవంబరులో పైపులు బాగా పల్లంగా ఉన్న రెండు చోట్ల కోసి, వాల్వులు బిగించాడు. అవి తెరిస్తే నీళ్ళన్నీ కిందికి దిగిపోవాలి. నేను టార్చి పట్టుకున్నాను. తెరిచాడు. బకెట్‌లోకి చెంబెడు నీళ్ళు కారి ఆగిపోయాయి.

“అయిపోయింది. పైపులు ఖాళీ” అన్నాడు.

ఎక్కడి ఖాళీ, నా మొహం. పైన షవర్‌తో కలిపి కుళాయిలు మూడూ కట్టేసి ఉన్నాయి. స్ట్రా పైకొసను వేలితో మూస్తే లోపలి కూల్‌డ్రింకు కిందికి జారుతుందా? పై నుంచి గాలి దూరితే కదా నీళ్ళు దిగేది. కుళాయిలు తెరిచే ఉంచమని పక్క పడవాయన చెప్పాడు కూడా. ఈయన చెవికెక్కలేదు. వరంగల్‌లో చిన్నప్పుడు, నీళ్ళు రాని నల్లా తెరిచి బడికి పోతే, మధ్యాహ్నం నీళ్ళొచ్చి ఇల్లంతా మునిగిందట. వాళ్ళమ్మ వీపు విమానం మోత మోగించిందట. అప్పట్నుంచీ తెరిచిన కుళాయిని చూస్తే ఈ మనిషికి కాలు నిలవదు. పోతూ పోతూ మూడింటినీ ఇంకోసారి బిగించాడు.

నేను నోరు మూసుకుంటే చాలు, మార్చికల్లా పడవ పోతుంది. మూసుకున్నాను.

కారు దాకా వెళ్ళాం. పోయిన ఏడాది పగిలిన పైపు ముక్కను ఒళ్ళో పెట్టుకుని ఆయన పడవ మెట్టు మీద కూర్చోవడం గుర్తొచ్చింది. ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆ మొహం మళ్ళీ చూడటం నా వల్ల కాదు. నా మీద నాకే చచ్చేంత కోపం వచ్చింది.

“చున్నీ మర్చిపోయాను, తాళం ఇవ్వు” అన్నాను.

“మెడలనే ఉన్నది గదా?”

“ఇంకోటి.”

లోపలికెళ్ళి మూడు కుళాయిలూ తెరిచాను. కింద గడగడమంటూ నీళ్ళు దిగి బకెట్ నిండింది. కాలువలో పారబోసి వచ్చాను.

ఏప్రిల్‌లో చూస్తే ఒక్క పైపూ పగలలేదు. విక్రాంత్ వాల్వులు మూసి, ట్యాంకు నింపి, షవర్ పక్కనున్న స్విచ్చి నొక్కి పంపు వేశాడు. మూడు కుళాయిలూ ఒకేసారి అందుకున్నాయి. షవర్ కింద నిలబడ్డవాడు నిలబడ్డట్టే తడిశాడు.

“నల్లాలెవరు ఇప్పిండ్రు?”

“నేనే.”

“గింత నిర్లక్ష్యమా? నేను వాల్వులు పెట్టిన గాబట్టి బతికిపోయినం. లేకుంటే నీ పుణ్యాన అన్నీ పగిలిపోతుండె.”

నాకు ఒళ్ళు మండింది. టవల్ ఇచ్చాను. తల తుడుచుకుంటూ తన వాల్వులను వంగి వంగి చూసుకున్నాడు. మొహం వెలిగిపోతోంది. వచ్చే ఆదివారం పడవ అడుగుకి రంగు వేద్దామా అని అడిగాడు.

“ఎన్నింటికి బయల్దేరాలి?” అన్నాను.

ఆరింటికట.