నాలుగున్నర వేల మైళ్లు

"బొంబాయి నుంచి లండనుకు నాలుగున్నర వేల మైళ్లంట. పొద్దుగాల ఎక్కితె రాత్రికల్లా దించుతరంట," అన్నాడు గండయ్య, జొన్నరొట్టె తుంచుతూ.

యాదలక్ష్మి పప్పు వడ్డిస్తూ అడిగింది: "మల్ల ఎన్నడొస్తవు?"

ప్రయాణం కట్టిన మగవాణ్ణి తిరుగు రోజు అడగడం ఆ ఇంట్లో అపశకునం. మగ్గం పక్కనున్న కర్ర అతని చేతికొచ్చి ఆమె ఎడమ చేతి మీద పడింది. మళ్లీ పడింది. చిటికెన వేలు విరిగిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించింది.

కుడి చేతి జోలికి అతడు ఏనాడూ పోలేదు. అర్ధచంద్రంలా నాటిన మేకుల మీదుగా నూలును ఇటు నుంచి అటు తిప్పి ఆసు పోసేది ఆ చెయ్యి. ముడులు కట్టి రంగులద్దిన నూలును నాడెలో పెట్టే చిన్న కండెలకు చుట్టేదీ అదే. అయినా రుమాళ్ల పనితనానికి పేరు గండయ్యకు వచ్చింది. లండనులో జనం ముందు కూర్చొని నేయమన్న పిలుపూ అతనికే వచ్చింది. దెబ్బ తగలకపోవడమే ఆ కుడి చేతికి దక్కిన మర్యాద.

"పోయెటోన్ని గట్ల అడుగుతరానె? నోరా అది?" అంటూ అత్త బాలనర్సమ్మ కొడుకు జేబులో నిమ్మకాయ పెట్టింది. అది ఎంత ఎత్తు వరకు కాపాడుతుందో ఆమె చెప్పలేదు. పోయిన ఎండాకాలం కోడలికి కడుపు పోయినప్పుడు "దాని కర్మ" అన్నదీ ఆమే. కర్మకు కాళ్లుండవు. ఆ రోజు తన్నింది కాలు.

నిద్రపోతున్న అతని గొంతుకూ నూలు కోసే కత్తికీ మధ్య ఎంత దూరమో యాదలక్ష్మి ఒకప్పుడు కొలుచుకున్నది. మిగిలిన బతుకును జైలుకు అప్పగించడం దండగనిపించి మానుకున్నది. పెళ్లయిన నాటి నుంచి అతని చేతికీ తన ఒంటికీ మధ్య ఒక గదిని మించిన దూరం ఎన్నడూ లేదు. అతడు వీధంతా గొప్పగా చెప్పుకుంటున్న ఆ మైళ్లను ఆమె ఇప్పుడు తన ఒంటితో కొలిచింది. ఒక్కసారి విమానం గాలిలోకి లేస్తే, ఎంత కోపం వచ్చినా నడిమధ్యలో దిగి రాలేడు.

"కండెలు గుచ్చినవా?" లోపలి నుంచి అతడు అరిచాడు. "వరుస తప్పితె తోలు తీస్త!"

"గుచ్చుతున్న."

లండనుకు పట్టుకుపోయే కండెలను చుట్టిన వరుసలోనే దారానికి గుచ్చాలి. నేసేటప్పుడు అదే వరుసలో వాడితేనే రుమాలు మీద పువ్వు కుదురుతుంది. కండెల మీది రంగు మచ్చలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఏది ముందో ఏది వెనకో చుట్టిన చేతికే తెలుసు. వాచిన ఎడమ చేతిని ఒడిలో పెట్టుకొని, దారం ముడి విప్పి, కండెలన్నీ చాటలో గుమ్మరించి, కలిపి, మళ్లీ గుచ్చింది.

గండయ్య బొంబాయిలో విమానం ఎక్కే రోజున, "దవాఖానకు పోయొస్త, అత్తమ్మ," అని చెప్పి బస్సెక్కింది. దవాఖాన దగ్గర దిగలేదు. నారాయణపేటలో చిన్నమ్మ శారదమ్మ ఉంది. హైదరాబాదులో బస్సు మారితే అక్కడికీ పొద్దంతా ప్రయాణమే. అతడు తిరిగొచ్చి వెతుక్కుంటూ రావచ్చు. చిన్నమ్మ ఇంట్లో నలుగురు ఆడవాళ్లు. మగ్గం కర్రలు అక్కడా ఉంటాయి, ఆ ఆడవాళ్ల చేతికందేలా.

బస్సు కదిలింది. లండనులో, దొరల ముందు, మొదటి పువ్వు ముక్కలైనప్పుడు అతని చెయ్యి లేస్తుంది. అది అందే దూరంలో ఎవరూ ఉండరు.