మూడు చింతచెట్లకు బొట్టు

“వదినె, రేపు పొద్దుగాల తానం జేసి మంచి చీర కట్టుకో. చెట్లు సూసేతందుకు సారొస్తుండు. నువ్వే ముంగట నిలవడి మాట్లాడాలె” అన్నాడు లింబాద్రి, గడప దగ్గర చెప్పులు విడుస్తూ.

చింతపండు కొడుతున్న గౌరవ్వ చేతిలో రాయి ఆగిపోయింది. మరిది చెప్పినదాంట్లో చెట్ల సంగతి ఆమెకు ముందు వినిపించలేదు. మంచి చీర, ముంగట – ఈ రెండే వినిపించాయి. మొగుడు హన్మంతు పోయి పదహారేళ్ళు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆ రెండు మాటలూ ఆమె కోసం ఎవరూ వాడలేదు. శుభకార్యం ఏదైనా ఉంటే “పెరట్లుండు”. ఎవరైనా ఊరికి బయలుదేరితే “జర పక్కకు జరుగు”. కొడుకు మహిపాల్ పెళ్ళికి తలంబ్రాల బియ్యంలో రాళ్ళు ఏరింది ఆమే. పసుపు కలిపే వేళకు మాత్రం చుట్టాలామె ఒకామె వచ్చి “అక్కా, ఇగ నువ్వు లే” అని పళ్ళెం లాక్కుంది. కొడుకు అది చూశాడు. చూసి, ఫొటోలవాడి వైపు తిరిగాడు.

“నేనేం మాట్లాడుత లింబాద్రీ? నాకేం తెలుసు?”

“ఏం మాట్లాడాల్నో నేను జెప్త గదా. నువ్వు నీ పని గానియ్యి.”

ఆమె పని ఎదురుగా కుప్పగా పడి ఉంది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు పక్కన, ఇంటి ముందరి ఒకప్పటి చేనులో, వరుసగా నిలబడిన మూడు చింతచెట్ల పంట అది. ఎల్లారెడ్డి నుంచి కొత్త కోడలుగా బస్సు దిగిన రోజు ఆమె మొదట చూసింది ఇంటిని కాదు, ఆ చెట్లనే. తర్వాత ప్రతి ఎండాకాలం ఆమెను అవే ఏలాయి. చెట్లు కొట్టే రాజలింగు వచ్చి చెట్టెక్కి కొమ్మలు దులుపుతాడు. కింద ఏరేది ఆమె. ఎండబెట్టేది, పెంకు తీసేది, రాతి మీద పెట్టి కొట్టి గింజ తీసేది, ఈనెలు లాగేది, ఉప్పు చల్లి గోలెంలో తొక్కేది ఆమె. పులుపు వేళ్ళ పగుళ్ళలోకి దిగి, అన్నం కలుపుకుంటే మంటపెట్టేది. ఒకసారి హన్మంతు పక్కన కూర్చుని తింటూ ఆ చేతులు చూసి నవ్వాడు. “చెట్టు కాస్తుంది, నువ్వు ఏరుకొస్తున్నవు. దీంట్ల నీ కష్టమేముందే?” అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. అతను నిజంగానే అనుకుని అన్నాడు. అతను పోయాక మహిపాల్‌ను ఇంటర్ దాకా చదివించింది ఆ చెట్లూ, రాత్రిపూట చుట్టిన బీడీలూ. ఇంట్లో అందరూ మాత్రం “లింబాద్రి సాదిండు” అనేవారు. ఆమె కూడా కొన్నాళ్ళు అట్లాగే అనేది.

ఇప్పుడు చేను చేను కాదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఎవరో వెంచర్ వేస్తున్నారు. ప్లాట్లకు తెల్లరాళ్ళు పాతారు. లోపలికి వెళ్ళే పెద్ద రోడ్డు, దాని మీద కట్టబోయే కమాను, సరిగ్గా చింతచెట్ల మీదే పడ్డాయి. పచ్చి చెట్టును కొట్టాలంటే సర్కారు అనుమతి ఉండాలి. భూమిలో సగం హన్మంతు వాటా, అతని తర్వాత గౌరవ్వ పేరు మీదికి వచ్చింది. ఆమె నోటితో చెప్పకుండా అనుమతి రాదు.

అన్నం తిన్నాక లింబాద్రి పాఠం మొదలుపెట్టాడు. “సారు అడిగితే, గాలొస్తే కొమ్మలు ఇరిగి ఇంటి రేకుల మీద పడుతున్నయి అను. ఒక్కదాన్నే ఉంట, భయమైతది అను.”

“ఒక్కదాన్నే ఏడుంటున్న? మీరందరుంటిరి గదా ఇంట్ల.”

“గీ లా పాయింట్లే వద్దు. చెప్పింది చెప్పు.”

మహిపాల్ వచ్చి పక్కన కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత కొడుకు అంత దగ్గర కూర్చోవడం. “అవ్వా, నా మొకం జూసి చెప్పవే. కొత్తిల్లు కడుతున్నం. నీకు సపరేటు రూము. కిటికీ పెట్టిస్త” అన్నాడు.

“కిటికీల నుంచి ఏం గనవడుతది?”

 మహిపాల్ ఫోన్ మోగింది, లేచి వెళ్ళిపోయాడు.

గౌరవ్వకు పాత పంచాయితీ గుర్తొచ్చింది. హన్మంతు దినాలు అయిన వారానికే పెద్దమనుషులు కూర్చున్నారు. పొలం ఎవరు దున్నాలి, బావి ఎవరికి రావాలి అని మాట్లాడుకుంటుంటే, ఆమె తలుపు వెనుక నుంచి ఒక మాట అనబోయింది. “ఆడిదాని మాట ఎవడడుగుతుండు ఈడ?” అన్నాడు లింబాద్రి. ఎవరూ అడగలేదు, నిజమే. ఇన్నేళ్ళకు అడుగుతున్నారు. అదీ వాళ్ళ మాటను ఆమె నోట్లో పెట్టి.

మర్నాడు మున్సిపాలిటీ ఆఫీసు నుంచి సారు వచ్చాడు. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. చెట్ల చుట్టూ తిరిగి కొలిచాడు. మానుల మీద తెల్లరంగుతో అంకెలు వేయించాడు. బీడీలు చుట్టే ఆడవాళ్ళకు సాయంత్రాలు చదువు చెప్పిన బడిలో గౌరవ్వ నలభై దాటాక అక్షరాలు దిద్దింది. ఒకటి, రెండు, మూడు అని తన చెట్ల మీద చదువుకుంది. తను చదవగలదని ఆమె తప్ప అక్కడ ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

“కొమ్మలు విరిగి పడుతున్నాయా అమ్మా?” అని అడిగాడు సారు.

ఆమె నోరు తెరిచేలోపే మహిపాల్ అందుకున్నాడు. “అవ్వకు సరిగ్గ వినవడది సారూ. పడుతున్నయి.”

“ఆమెనే చెప్పనియ్యి” అన్నాడు సారు.

గౌరవ్వ కొడుకు వైపు చూసింది. అతను కళ్ళతోనే బతిమాలాడు. చిన్నప్పుడు జాతరలో బొమ్మ కోసం పెట్టిన మొహమే అది.

“పడతయి సారూ” అంది.

“భయమేస్తుందా?”

“అయితది.”

దేని గురించి భయమని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో లింబాద్రి వేలు పెట్టి చూపించాడు. వేలిముద్ర కోసం సిరాడబ్బా కూడా తెచ్చి పెట్టుకున్నాడు. ఆమె పెన్ను తీసుకుని గౌరవ్వ అని రాసింది. సారు వెళ్ళాక లింబాద్రి “శబాష్ వదినె” అన్నాడు. జీవితంలో మొదటిసారి అన్నాడు. ఆ రోజంతా ఆమెకు నోట్లో ఏదో పులిసినట్టే ఉంది. మూడు చెట్లనూ అమ్మిన మాటలు తన నోటివే. తలుపు వెనుక ఉండి చెప్పినవి కాదు, ముంగట నిలబడి చెప్పినవి.

అనుమతి వచ్చింది. తీసిన చెట్లకు బదులు మొక్కలు నాటాలన్నది షరతు. “కమాను పక్కన కుండీలు పెడ్దాం, ముచ్చటగుంటది” అన్నాడు లింబాద్రి.

కొట్టే రోజు రాజలింగు పొద్దున్నే సదాశివనగర్ నుంచి రంపం మిషను, మోకులతో వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు. ప్రతి ఏడూ ఇదే చెట్లెక్కి పండు దులిపినవాడు. గౌరవ్వను అక్కా అంటాడు, పండగకు వస్తే ఆమె చేతి బువ్వ తింటాడు. కానీ చెట్టెక్కే ముందు ఎప్పుడూ “అక్కా, జర అవతలికి నిలవడవా, ఏమనుకోకు” అనేవాడు. ఆమె ఏమీ అనుకోనట్టే అవతలికి నిలబడేది.

“పచ్చి చెట్టు, పెద్ద చెట్టు” అన్నాడు రాజలింగు మిషను కింద పెట్టి. “ఇంటి ముత్తయిదువ పసుపు కుంకుమ పెట్టాలె, కాయ గొట్టాలె. చెట్టును అడగకుండ మేము రంపం పెట్టం. మా నాయిన గట్ల పెట్టే పానం మీదికి దెచ్చుకున్నడు.”

“సరే తీ. హారికా, జల్ది రా బిడ్డా!” అని లోపలికి కేకేశాడు లింబాద్రి.

కోడలు హారిక పట్టుచీర కట్టుకుంటోంది. ఇత్తడి పళ్ళెం చింతపండుతో తోమి మెరిపించింది గౌరవ్వ. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, అగరొత్తులు అన్నీ సర్దింది. పళ్ళెం పట్టుకుని అలవాటుగా వాకిట్లోకి వచ్చింది.

లింబాద్రి మొహం చిట్లించాడు. “నువ్వెందుకొస్తున్నవు వదినె ఎదురుంగ? మంచి పనికి పోతుంటే. ఆ పళ్ళెం ఆడ వెట్టి లోపలికి పో.”

గౌరవ్వ కదల్లేదు. ఆ మాట ఆమెకు కొత్త కాదు. అందులో ఏ ఒక్క ముక్కా కొత్త కాదు. కానీ మొన్న ఇదే వాకిట్లో, ఇవే చెట్ల కింద, మంచి చీర కట్టించి ముంగట నిలబెట్టింది ఈ మనిషే. ఆ రోజు ఈ చెయ్యే సంతకం పెట్టింది. చెట్ల ప్రాణం తియ్యడానికి పనికొచ్చిన చెయ్యి, వాటికి ఇంత బొట్టు పెట్టడానికి పనికిరాదు. ఏరడానికి, కొట్టడానికి, తొక్కడానికి, తోమడానికి పనికొచ్చే చెయ్యి. పండు దులిపిన రోజు మొదటి దోసెడు పోచమ్మకు పెట్టడానికి మాత్రం ఎవరో ఒక ముత్తయిదువను పిలుచుకొచ్చేవారు. ఏటా ఆ దోసెడు పండు తుడిచి, ఆకులో కట్టి, ఆ వచ్చినామె చేతికి ఇచ్చి వెనక్కి జరిగింది ఆమే. అట్లా జరగడం ఎవరు నేర్పారు తనకు? అత్త నేర్పింది. మరిది నేర్పాడు. రాజలింగు కూడా, ఏమనుకోకు అంటూనే నేర్పాడు. అందరూ ఎంత బాగా నేర్పారంటే, ఇన్నేళ్ళలో ఆమె తన చెయ్యి ఎందుకు పనికిరాదని ఒక్కసారి కూడా ప్రశ్నించలేదు. వాళ్ళకు మాత్రం ఆ చెయ్యంటే ఎంత భయం!

భయం అన్న మాట దగ్గర ఆమె ఆలోచన ఆగింది.

పళ్ళెం కింద పెట్టలేదు. గడప దిగింది. హారిక పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని బయటికి వచ్చేసరికి, గౌరవ్వ మొదటి చెట్టు దగ్గర ఉంది. తెల్లరంగుతో వేసిన ఒకటి మీద పసుపు మెత్తింది. దాని మీద కుంకుమ అద్దింది, ఉంగరపు వేలితో, కొత్త కోడలు పెట్టినట్టు గుండ్రంగా. రెండో చెట్టుకు పెట్టింది. మూడోదానికి పెట్టింది. 

“అవ్వా!” అని అరిచాడు మహిపాల్.

రాజలింగు తలకు చుట్టుకున్న రుమాలు విప్పాడు. “ఎంత పని జేస్తివి అక్కా.”

“ఏం గాదు. మిషను పెట్టు” అన్నాడు లింబాద్రి.

“నేను పెట్టనన్నా.”

“మిషనుకు బొట్టు ఎవరు వెట్టిండ్రో తెలుస్తదారా?”

“మిషనుకు తెల్వది. పట్టుకున్నోనికి తెలుస్తది” అన్నాడు రాజలింగు. మోకులు చుట్టమని తన మనుషులకు సైగ చేశాడు. “మావోళ్ళు ఇంకెవ్వరు గూడ పెట్టరు. పని కోసం అందరం ఒక్క అడ్డ మీదనే కూసుంటం. మాపటికల్ల అందరికి తెలుస్తది.” పోతూ పోతూ గౌరవ్వ వైపు చూశాడు. ఏదో అనబోయి, ఏమనుకోకు అన్న మాట ఈసారి అతనికి దొరకలేదు.

బండి వెళ్ళిపోయింది. లింబాద్రి గౌరవ్వ మీదికి వచ్చాడు. “బుద్ధున్నదా నీకు? నీ చెయ్యి మంచిది కాదని తెల్వదా? ముండమోసినదానివి, పచ్చని చెట్టుకు బొట్టు వెడతవా?”

“తెలుసు లింబాద్రీ” అంది గౌరవ్వ. గొంతు పెంచలేదు. “నా చెయ్యి పడ్డ పని ముంగటికి సాగదని మీరే చెప్పిండ్రు. ఇన్నొద్దులు విన్న. ఇయ్యాల ఆ చెయ్యితోనే పని జేసిన.”

గెలిచినట్టు ఆమెకు అనిపించలేదు. చెట్లను కొట్టకుండా ఆపింది ఆమె కష్టం కాదు, ఆమె మాట కాదు, ఆమె పేరు మీది సగం భూమి కూడా కాదు. వాళ్ళు ఇన్నేళ్ళూ మొహాన కొట్టిన తిట్టు ఆపింది. అది కూడా ఎన్నాళ్ళో ఆపదు. దూరం నుంచి ఇంకెవరినో పిలిపిస్తారు, వాళ్ళకు ఆమె ఎవరో తెలియదు. దొరికింది ఒకటి రెండు రోజులే. కానీ ఒక్క రోజు చాలు. కామారెడ్డి పోయే బస్సు ఎక్కితే సారు ఉండే మున్సిపాలిటీ ఆఫీసు ఎంతో దూరం లేదు.

“మహిపాల్,” అంది. “మొన్న భయమైతదా అని సారడిగిండు. దేనికి అని అడగలె. రేపు పోయి చెప్పొస్త. సంతకం పెట్టింది తప్పయిందని రాసిస్త. నాకు రాయొస్తది.”

 హారిక పట్టుచీర కొంగు నడుముకు దోపి, పళ్ళెంలో మిగిలిన కొబ్బరికాయ తీసుకుంది. “అత్తమ్మా, గిది పచ్చడి నూరనా?” అంది మెల్లగా. గౌరవ్వ తలూపింది.

“పచ్చడి తర్వాత!” అని గర్జించాడు లింబాద్రి. “ముందుగాల ఆ బొట్లు కడుగు వదినె. ఎవరన్న సూడకముందే కడుగు.”

కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ ఇంట్లో కడగడమంటే ఆమే. అందరూ ఆమె వైపే చూశారు. గౌరవ్వ వెళ్ళి చింతపండు కుప్ప ముందు కూర్చుని, రాయి చేతిలోకి తీసుకుంది.

 లింబాద్రి తనే పెరట్లోకి పోయాడు. గిన్నెలు కదిలిన చప్పుడు, తలుపు కొట్టుకున్న చప్పుడు, మళ్ళీ గిన్నెల చప్పుడు. మహిపాల్ కూడా పోయాడు. ఇద్దరూ చాలాసేపు వెతికారు.

“అవ్వా,” అని అక్కడినుంచే పిలిచాడు మహిపాల్. “బకీటు ఏడున్నదే?”

గౌరవ్వ చెప్పలేదు.