పడుగు తాగాల్సిన గంజి

వైష్ణవికి ఈ మధ్య ఆరోగ్యం పిచ్చి పట్టింది. పిచ్చి అంటే ఆమె ఒప్పుకోదు, క్రమశిక్షణ అంటుంది. వనపర్తిలో డిగ్రీ రెండో ఏడు చదువుతూ, హాస్టల్ ఉప్మాతో విసిగిపోయి, లైబ్రరీలో తిండి గురించి రాసిన పుస్తకమొకటి పట్టుకుంది. ఇక అంతే. ఏం తిన్నది, ఎన్ని పేజీలు చదివింది, ఎంత దూరం నడిచింది, అన్నీ నోటుబుక్కులోకి ఎక్కించడం మొదలుపెట్టింది. బస్టాండు దగ్గర లాగించిన మిరపకాయ బజ్జీలు మాత్రం ఎందుకో ఎక్కలేదు.

శనివారం సాయంత్రం గద్వాలలో ఇంటికి వచ్చింది. సంచిలో తిరగలిలో విసిరిన జొన్నపిండి రెండు కిలోలు. నెలంతా అంబలి కాచుకుందామని వెతికి వెతికి కొన్నది. హాస్టల్లో వదిలితే గదిలోని పిల్లలు రొట్టెలు చేసుకు తింటారని వెంట తెచ్చుకుంది. రాగానే ఆ పిండి బలం గురించి చెప్పి, తాత జోగయ్య మంచం కింద దాచుకున్న కారా బూందీ పొట్లం బయటికి లాగి మరో ఉపన్యాసం ఇచ్చింది. తాత విన్నాడు. నలభై ఏళ్లు మగ్గం ముందు కూర్చున్న మనిషికి ఓపిక ఎక్కువ.

తెల్లవారితే కొత్త పడుగుకు, అంటే మగ్గమెక్కే నిలువు పోగులకు, గంజి పెట్టే పని. వీధి పొడవునా నూలు పోగులు సాగదీసి, ఎండ ముదరకముందే కుంచెలతో గంజి పట్టించి ఆరబెట్టాలి. గంజి తాగని నూలు మగ్గమెక్కితే పుటుక్కున తెగుతుంది. ఒక్కడితో అయ్యే పని కాదు గనుక ఆరుగురు సాయం వచ్చారు. వాళ్లను మళ్లీ కూడగట్టాలంటే వారం పడుతుంది.

పడుగుకని పులియబెట్టే గంజికుండ ఎప్పుడూ దొడ్లో ఉంటుంది. పిల్లి మూతి పెడుతోందని అవ్వ రాత్రి దాన్ని వంటింట్లోకి తెచ్చింది. ఆ సంగతి వైష్ణవికి తెలియదు. పొద్దున లేచి చూస్తే మూలన గుడ్డ కట్టిన కుండ, లోపల పులిసిన గంజి! పులిసిన గంజి పేగులకు అమృతమని పుస్తకంలో చదివింది కదా, ఇల్లు బాగుపడుతోందని మురిసిపోయింది. మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ కలిపి తను రెండు గ్లాసులు తాగింది. అంతటితో ఆగితే వైష్ణవి ఎందుకవుతుంది? సాయం వచ్చినవాళ్లకు చాయ్ ఆపించి, ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పి మరీ తలా రెండు గ్లాసులు పోసింది.

"ఈ రుచి నాకు యాడనో ఎరుకే," అన్నాడు మాసయ్య పెదాలు చప్పరిస్తూ. ఆయనా నేతగాడే.

జోగయ్య కుంచె పట్టుకుని గంజి తెమ్మన్నాడు. అవ్వ ఖాళీ కుండ తెచ్చి వీధిలో పెట్టింది. అందరూ కుండ వైపు చూశారు, తరవాత తమ గ్లాసుల వైపు చూసుకున్నారు. వైష్ణవికి అప్పుడు అర్థమైంది. తాత వారం పని తన చేత్తోనే ముంచేశానని ఏడుపు తన్నుకొచ్చింది. నాలుగు తిట్టినా బాగుండునని అనిపించింది.

జోగయ్య తిట్టలేదు.

"గా గంజి ఎవరిదో అడిగి తాగాలెనని నీ పుస్తకంల ఏ పేజీలన్న రాసిండ్రా, బిడ్డా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన లోపలికి వెళ్లి ఆమె సంచి పట్టుకొచ్చాడు. బియ్యం వండి గంజి వార్చేసరికి ఎండెక్కుతుందని, పిండైతే చిటికెలో ఉడుకుతుందని చెప్పి సంచి ఆమె చేతికిచ్చాడు. వైష్ణవి తనే పొయ్యి వెలిగించి, నెల రోజుల అంబలిని ఒక్క పూటలో కాచి, వడగట్టి, మోసుకొచ్చింది. కుంచె కూడా పట్టింది. ఎండ నెత్తికెక్కేలోపు పడుగు ఆరింది. ఒక్క పోగు తెగలేదు.

మధ్యాహ్నం రొట్టెలకని అవ్వ డబ్బా మూత తీసింది. నిండా జొన్నపిండి. వైష్ణవి గిర్రున తాత వైపు తిరిగింది. ఆయన మంచం మీద బాసింపట్టు వేసుకుని కారా బూందీ నములుతున్నాడు.

"ఇంట్ల పిండి ఉన్నదని నాకు తెల్వదా? నీ పిండికే బలమెక్కువని నువ్వే చెప్తివి గద."

కోపం రాబోయి నవ్వయింది. పక్కన కూర్చుని, కొంచెం పెట్టమని అడిగి చెయ్యి చాచింది.

ఆ సాయంత్రం నోటుబుక్కులో ఉన్నదున్నట్టు రాసింది: గంజి రెండు గ్లాసులు, అడగకుండా. కారా బూందీ ఒక గుప్పెడు, అడిగి.